దింపుడు కళ్లంలో బళ్లు

పెదనాన్న పాడె మీద పడుకోకుండా మఠం వేసుకుని కూర్చున్నాడు, పోయినా ఆయన తీరు మారలేదు, మోస్తున్న నలుగురికీ దారి చెబుతూనే ఉన్నాడు, ఆ దారేమో ఒక అడుగుకి మా చేలగట్టులా మెత్తగా ఉండి, రెండో అడుగు వేసేసరికి రైల్వే ప్లాట్‌ఫారం అయిపోతోంది. ముందు కుడికొమ్ము నా భుజం మీద ఉంది.

"ఇక్కడేరా శేషగిరీ, దింపండి" అంటాడు.

అది దింపుడు కళ్లం. శ్మశానానికి వెళ్లేటప్పుడు పాడెను అక్కడ దించి, చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలవాలి, ప్రాణం ఎక్కడన్నా మిగిలుంటే పలుకుతుందని మావాళ్ల ఆశ. పెదనాన్నకి కొడుకుల్లేరు, పిలవాల్సింది నేనే. కానీ ఆ జాగా నిండా వరికుప్పలున్నాయి, దగ్గరికెళ్తే అవి కుప్పలు కావు, మోటార్‌సైకిళ్లు, చేలన్నీ ప్లాట్లైపోయాక రోజూ రైల్లో బెజవాడ పనులకు పోయే మా ఊరివాళ్లు హ్యాండిల్ లాక్ వేసి వదిలిపోయినవి, మధ్యలో చేట పట్టేంత ఖాళీ కూడా లేదు.

"నేను పోయిన రోజు కూడా, నన్ను తీసుకెళ్లిన శవాల వ్యానువాడు ఇక్కడ ఆపలేదు. చెవులు రిక్కించుకుని పడుకున్నానురా. ఎవరూ పిలవలేదు."

"ఆపడానికి చోటు లేదు పెదనాన్నా. ఈ బళ్లవాళ్లంతా ట్రైన్లో ఉన్నారు."

"పోనీలే. ఇప్పుడు పిలువు. పలుకుతాను."

పలుకుతానంటున్నాడు. నాకు ఏడుపొస్తోంది, ఆయన నాకు కావాలి, పిలిస్తే చాలు వచ్చేస్తాడు. ఒక బండిని పట్టుకుని లాగుతాను, కదలదు, ఇంకోటి లాగుతాను, అదీ కదలదు. ఇంతలో ట్రైను వస్తోందని మైకులో చెబుతారు, నాతో మోస్తున్న ముగ్గురూ భోజనం సంచులు తగిలించుకుని, "లేటైతే జీతం కోస్తారు, ఏమనుకోకు" అంటూ ఒక్కొక్కరే జారుకుంటారు, ఎలా జరిగిందో గానీ నాలుగు కొమ్ములూ ఇప్పుడు నా భుజాల మీదే ఉన్నాయి. దించితే పెదనాన్న బళ్ల మీద పడతాడు, దించకపోతే ఆయన చెవి నాకు అందదు.

"పోనీ అక్కణ్ణించే పిలవరా" అంటాడు పైనుంచి, అలసిపోయిన గొంతుతో.

నోరు తెరుస్తాను. ట్రైను కూత వస్తుంది. మళ్లీ తెరుస్తాను, మళ్లీ అదే.

"వినపడట్లేదురా అబ్బాయ్" అంటూ ఆయన మెల్లగా నడుం వాలుస్తున్నాడు, నా మీద బరువు పెరుగుతోంది.

"శేషగిరన్నయ్యా. శేషగిరన్నయ్యా."

కళ్లు తెరిచాను. బెజవాడలో బట్టల కొట్లో పనిచేసే మా వీధి భూలక్ష్మి, రైలుపెట్టెలో రొదకి వినపడదని నా చెవి దగ్గరకు వంగి ఉంది. జనం అప్పుడే దిగుతున్నారు.

"లెగు అన్నయ్యా, స్టేషనొచ్చేసింది" అంది.

ఆమె పిలిచింది రెండుసార్లే. నేను లేచి కూర్చున్నాను.