బాగానే ఉన్నాం

క్వీన్స్‌లాండ్ కరువులో మేత లేక గొర్రెల్ని తన చేత్తోనే కాల్చేసిన నాటినుంచి క్లెమ్ నోరు విప్పలేదు. తుపాకీ మాత్రం వదల్లేదు.

గురువారం, దూరదూరపు ఇళ్లవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియోలో, మనోవ్యథలు వినే పట్నం కౌన్సెలరమ్మ అతని భార్యను అడిగింది. "ఇంట్లో ఎలా ఉంది బెరిల్? మనసు విప్పి చెప్పమ్మా."

విప్పడానికి అదేమన్నా పడకగదా? వంద మైళ్ల మేర ప్రతి వంటింట్లోనూ అదే రేడియో, దానికి అతుక్కున్న చెవులు.

"మాకేం, బాగానే ఉన్నాం."

కౌన్సెలరమ్మ సంతోషించి సెలవు తీసుకుంది. కాసేపటికి పొరుగు నోరీన్ గొంతు వినిపించింది.

"పోయిన నెల నేనూ ఆ మాటే అన్నానే బెరిల్. మూడోరోజే మా ఆయన్ని పాతిపెట్టాం."

బెరిల్ గబుక్కున రేడియో కట్టేసింది.

"పరువు నిలబెట్టావు" అన్నాడు క్లెమ్, గుమ్మంలోంచి. ఇన్నాళ్లకు అతని నోట వచ్చిన మాట అదొక్కటే.

కాల్చడానికి ఒక్క గొర్రె కూడా మిగల్లేదు. అయినా తుపాకీ భుజాన వేసుకుని బయటికి నడిచాడు.