ఆఖరి మడికి నీళ్లు

మడమతో బురదను కుక్కుతూ రాజలింగు ఒక్క క్షణం ఆగాడు. ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. పార కర్ర మీద రెండు చేతులూ ఆనించి, తల వంచుకుని, ఆ పిడికిలి సడలేదాకా నిలబడ్డాడు. తర్వాత మళ్లీ మడమ ఎత్తాడు. వరిగడ్డి కలిపి పిసికిన నల్లమట్టి ఎండ్రకాయ బొక్కలోకి దిగింది. ఒడ్డు అవతల సన్నగా చిమ్ముతున్న నీళ్లు కాసేపు తడబడి, ఆగిపోయాయి.

పొద్దు అప్పుడే తుమ్మల మీదికి వచ్చింది. కాలువలో నీళ్లు మోకాలి లోతు కూడా లేవు.

కోటగిరి చుట్టుపక్కల ఊళ్లలో పొలాలకు నీళ్లు పంచే మనిషిని నీరడి అంటారు. అట్లాంటి ఒక ఊళ్లో తండ్రి తర్వాత నీరడి రాజలింగే. పెద్ద కాలువ నుంచి తూము గుండా ఊరి పిల్లకాలువలోకి దిగిన నీళ్లను ఆఖరి మడిదాకా చేర్చడం అతని పని. ఆ ఏడు కరువు. వానాకాలం పంట పోయింది. రెండో పంట యాసంగికి నీళ్లు వస్తాయో రావోనన్న అనుమానంతోనే జనం నాట్లు వేశారు. ఇప్పుడు వరి పాలు పోసుకుంటోంది. ఒక్క తడి అందితే గింజ, అందకపోతే తాలు. ఆ ఒక్క తడీ ఈ రోజే, అదీ పొద్దుగూకేదాకే, ఆ తర్వాత కాలువ మూసేస్తారని నిన్న డప్పు చాటింపు వేశారు.

రాజలింగు సన్నగా, పొడుగ్గా ఉంటాడు. తలకు ఎప్పుడూ ఎర్ర రుమాలు చుట్టి ఉంటుంది. నడుం దగ్గర కొద్దిగా ముందుకు వంగి నడుస్తాడు. ఏళ్లతరబడి నీళ్లలో నానీ, ఎండలో ఎండీ మోకాళ్ల కింద చర్మం పాత చెప్పు తోలులా బిరుసెక్కింది. గోళ్లది మట్టిరంగు. కళ్లు మాత్రం తేటగా ఉంటాయి. మాట్లాడేటప్పుడు కూడా అవి ఎదుటి మనిషి మొహం మీద కాక, ఆ మనిషి కాళ్ల దగ్గర నీళ్లు ఎటు పోతున్నాయో అటు ఉంటాయి.

పని చేతికొచ్చిన కొత్తలో తెల్లారకముందే పార భుజాన వేసుకుని కాలువ పొడుగునా ఉరికేవాడు. కనబడ్డ ప్రతి బొక్కా పూడ్చేవాడు. పిలిచిన ప్రతి రైతు వెంటా పోయేవాడు. అరచేతులు బొబ్బలెక్కేవి. అయినా ఏటేటా చివరి మళ్లు ఎండేవి, ఆ మళ్లవాళ్ల తిట్లు పడేవాడు. ఒక యాసంగిలో కాలు విరిగింది. వెదురు బద్దలు కట్టించుకుని ఒడ్డు మీద కూర్చోవడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. కూర్చున్నవాడు నీళ్లను చూశాడు. గడ్డి తాగేవీ, బర్రెలు తాగేవీ, చీమల పుట్టల్లో ఇంకేవీ అన్నీ కలిపినా పెద్ద లెక్కలోకి రావు. నీళ్లు నిజంగా పోయేది మూడు చోట్ల: తూము పక్కన వాగులోకి తెరిచే పాత తలుపు సందులోంచి, వంపు దగ్గర ఎండ్రకాయలు తొలిచిన ఒడ్డులోంచి, కింద బాట అడుగున నీళ్లు దాటే మోరీ పక్కన వదులు మన్నులోంచి. కాలు అతికాక ఆ మూడింటినే పట్టుకున్నాడు. మిగతావి వదిలేశాడు. ఆ ఏడు ఆఖరి మళ్లు మొదటిసారి తడిశాయి.

ఊరు దాన్ని వెంటనే ఒప్పుకోలేదు. "రాజలింగుకు ఇరిగింది కాలు గాదు, నడుము. అందుకే వంగుతలేదు" అన్నారు. అతను మాత్రం ఆ మూడు చోట్లే చూసుకుంటూ పోయాడు.

ఇంట్లోనూ అంతే. వానలకు ముందు ఇంటి కప్పు సరిచేసేటప్పుడు గింజల గుమ్మి మీదా, పడుకునే చోటా మాత్రం గట్టిగా కప్పేవాడు. మిగతా చోట కురిస్తే కురవనీ అనేవాడు. కూతురి పెళ్లికి బాజాలు లేవు, పందిరికి తోరణాలు లేవు. వాటికోసం తిరగాల్సిన తిరుగుడంతా బాల్కొండ దగ్గరి పెళ్లికొడుకును చూడటానికే తిరిగాడు. అతను ఎద్దులను ఎట్లా అదిలిస్తాడో, తల్లితో ఎట్లా మాట్లాడతాడో చెట్టు కింద కూర్చుని చూసి వచ్చాడు. నలుగురిలో తల ఎత్తుకోలేక అప్పట్లో ఏడ్చిన భార్య వెంకటవ్వ, తర్వాత కూతురు పుట్టింటికి వచ్చినప్పుడల్లా దాని మొహం చూసి ఊరుకునేది.

వంపు దగ్గర పని ముగించి రాజలింగు తూము వైపు నడిచాడు. దారిలో ఆత్మారాం కాలువలో దిగి ఉన్నాడు. తుమ్మకొమ్మలు అడ్డం వేసి, వాటి మీద రాళ్లు పేరుస్తున్నాడు. అతనిది మిట్ట భూమి. బోధన్ ఫ్యాక్టరీకి తోలే చెరుకు వేశాడు. మిట్టకు నీళ్లెక్కాలంటే కాలువకు కట్ట వేసి సగం పూట నిలబెట్టాలి. మంచి ఏళ్లలో రాజలింగు తనే ఆ కట్ట వేసేవాడు.

"పటేలా, గా కొమ్మలు తియ్యి."

"తియ్య. నా చెరుకు సూసినవా? ఆకు సుట్టుకపోయింది."

"సూసిన."

"సూసి గూడ గిట్లంటవా?"

రాజలింగు నీళ్లలోకి దిగాడు. "గీ కట్ట ఏస్తే నీ చెరుకు సగం తడుస్తది. కింద వరి మొత్తం తాలైతది. చెరుకు ఆకు ఎండినా ఏరు బతుకుతది, వాన పడ్డంక మల్ల లేస్తది. వరి లేవది."

"అందాక నేనేం తినాలె?"

"గది నాకు తెల్వది పటేలా" అన్నాడు.

ఆత్మారాం చేతిలో రాయి అట్లాగే ఉంది. అతని చూపు రాజలింగు భుజం మీదుగా పక్క పొలం మీదికి పోయింది. అది నీరడి పనికి ఇచ్చిన మాన్యం, రాజలింగు సొంత సాగు. అదీ మిట్టే. అందులోని వరి మొదళ్లదాకా తెల్లబడి, గాలికి గలగలమంటోంది. దానికి ఈ యాసంగిలో నీళ్లు ఎక్కించలేదని ఊరందరికీ తెలుసు. ఆత్మారాంకూ తెలుసు. నిలబడి చూడటం మాత్రం ఇప్పుడే.

"నీది రాయి పానం" అన్నాడు చివరికి. రాయి నీళ్లలో పడేసి, కొమ్మలు ఉన్నవి ఉన్నట్టే వదిలేసి పోయాడు.

కొమ్మలన్నీ రాజలింగు ఒక్కడే లాగాడు. ముళ్లు ముంజేతులు గీరాయి. ఆఖరి కొమ్మ లాగేటప్పుడు ఛాతీలో పిడికిలి మళ్లీ బిగిసింది. ఈసారి నిలబడలేక ఒడ్డు మీద కూర్చున్నాడు.

వెంకటవ్వ జొన్నరొట్టె, చింతకాయ తొక్కు తీసుకుని వచ్చేసరికి అట్లాగే కూర్చుని ఉన్నాడు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు గానీ మింగుడు పడలేదు.

"మొఖం గట్ల తెల్లగైందేంది?"

"ఎండకు."

"ఎండకు నల్లగైతది." ఆమె అతని నుదురు మీద చెయ్యి వేసింది. చల్లటి చెమట. "లే, బస్సెక్కి బోధన్ పోదాం. దవఖానల సూపిద్దాం."

"రేపు పోదాం. రేపు నీళ్లు రావు."

"నువ్వు లేకుంటె నీళ్లు పారయా?"

"పారతయి. యాడికి పారతయో సూడాలె గద." ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు తూముకాడికి పో. పాత తలుపు సందుల పొద్దుగాల గోనెసంచి కుక్కిన. కదిలితే మల్ల కుక్కు. ఇంకేం పనొద్దు, గదొక్కటి సూడు. నేను మోరీకాడికి పోత."

ఆమెకు పోవాలని లేదు. కానీ అతను ఎన్నడూ వట్టి పని చెప్పే మనిషి కాదు. పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసింది. అతను అప్పటికే లేచి నడుస్తున్నాడు.

మోరీ దూరమే. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఎవరో పొలంలోంచి కేకేశారు, "రాజలింగన్నా, మా మడికాడ ఒడ్డు కారుతుంది" అని.

"కారనియ్యి" అన్నాడు ఆగకుండా. మంచి ఏడైతే నవ్వుతూ అనేవాడు. ఇప్పుడు నవ్వుకు కూడా ఊపిరి కావాలి, ఆ ఊపిరి మోరీదాకా సరిపోవాలి.

మోరీ పక్కన మన్ను అనుకున్నట్టే జారుతోంది. పిడికెడంత బొక్క, చూస్తుండగానే చెయ్యంత అయ్యేలా ఉంది. రాజలింగు నీళ్లలోకి దిగి, పారతో బురద వేశాడు. బురద నీళ్లతోపాటే కొట్టుకుపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ పోయింది. లోపల పట్టుకోవడానికి ఏదైనా ఉండాలి. చుట్టూ చూశాడు. గడ్డి లేదు, చెట్టుకొమ్మ లేదు. గడ్డివాము దాకా పోయి రావడం తనవల్ల కాదని అతనికి అర్థమైంది.

కాలువ ఆఖరున గంగమణి మడి. మొగుడు పోయినప్పటి నుంచి ఆ చిన్న మడి మీదే బతుకుతున్న మనిషి. పొద్దున్నుంచి గట్టు మీద కూర్చుని ఎండిన కాలువనే చూస్తోంది. ఎండ వాలుతుండగా కాలువ అడుగున పగుళ్లు నల్లబడ్డాయి. తర్వాత నాలుకంత నీరు, ముందు ఎండుటాకులను తోసుకుంటూ మెల్లగా వచ్చింది. మడి నోటి దగ్గర కాసేపు ఆగి, లోపలికి దిగింది. గంగమణి కాళ్లు అందులో పెట్టి నిలబడింది. ఈ సంగతి ముందు రాజలింగుకు చెప్పాలనిపించి మోరీ వైపు నడిచింది.

అతను మోరీ రాయికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. కాళ్లు నీళ్లలో ఉన్నాయి, తల బోసిగా ఉంది.

"అన్నా, నీళ్లొచ్చినయే" అంది.

అతను పలకలేదు. నిద్రపోయాడేమోనని ఇంకోసారి, కొంచెం గట్టిగా చెప్పింది. తర్వాత దగ్గరికి పోయి భుజం ముట్టుకుంది.

పొలాల్లోంచి మనుషులు వచ్చారు. ఆత్మారాం కూడా వచ్చాడు. అందరికంటే ముందు నీళ్లలోకి దిగి, రెండు చేతులతో రాజలింగును ఎత్తి ఒడ్డు మీద పడుకోబెట్టాడు. మనిషి ఇంత తేలికగా ఉంటాడనుకోలేదు. కబురు అంది వెంకటవ్వ తూము దగ్గరి నుంచి ఉరికి వచ్చింది. వచ్చి, అతని తల ఒళ్లో పెట్టుకుని, తడి జుట్టు వేళ్లతో సరిచేస్తూ కూర్చుంది.

తల కప్పాలని ఆత్మారాం అతని రుమాలు కోసం వెతికాడు. అది మోరీ పక్కన బొక్కలో కనబడింది. బురద చుట్టూ మెత్తి, గట్టిగా కుక్కి ఉంది. తియ్యడానికి వంగాడు.

"తియ్యకు పటేలా" అంది వెంకటవ్వ. "పొద్దింక గూకలే."

ఆత్మారాం లేచి, తన భుజం మీది తువ్వాల తీసి రాజలింగు తలకు చుట్టాడు. నలుగురూ అతన్ని ఎత్తుకుని ఊరి వైపు నడిచారు.

ఒడ్డు మీద ఎవరూ లేరు. బొక్కలో ఎర్ర రుమాలు నాని, ఉబ్బి, మన్నును పట్టుకుని బిగిసిపోయింది. బయట మిగిలిన దాని కొస ఒకటి, కింది మళ్లకు పోయే నీళ్లలో మెల్లగా ఊగుతోంది.