ఉప్పు వర్తకుడి దగ్గు

మూడో వరుస పై అరలోని పుస్తకాలను తీజానీ ఒక్కొక్కటిగా దించి, పొడిబట్టతో వెన్ను మీద పైనుంచి కిందికి ఒకసారి, అట్ట మీద అడ్డంగా ఒకసారి తుడిచి, మళ్ళీ ఉన్నచోటే పెడుతున్నాడు. ఇంకా తలుపులు తీయలేదు. కిటికీలోంచి డిసెంబరు ఎండ పలచగా పడుతోంది. కోటగోడ అవతల చేపలవాళ్ళ కేకలు మొదలయ్యాయి.

స్ఫాక్స్ అనే రేవుపట్నం పాతబస్తీలోని ఆ చిన్న గ్రంథాలయంలో అతనిది ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగం. పుస్తకాలు తుడవడం, అడిగినవి తెచ్చివ్వడం, తిరిగొచ్చినవి సర్దడం. పొట్టి మనిషి, మెడ మందం. ఎప్పుడూ ఒకే చంకన పుస్తకాలు మోసి మోసి ఎడమ భుజం కుడిదానికంటే బెత్తెడు కిందికి దిగింది. వేళ్ళ కొనలు దుమ్ముకి ఎండి పగిలి ఉంటాయి. నీలం కోటు ముంజేతుల దగ్గర తెల్లబడిపోయింది. చదువు ఏడో తరగతి. పాఠకులు అతన్ని పేరు పెట్టి పిలవడం తక్కువ, "ఇదిగో, అదొకటి తెచ్చిపెట్టు" అనడమే ఎక్కువ.

ఆకుపచ్చ అట్ట పుస్తకం దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగింది. ఉప్పు వర్తకుడి కథ. రాసినవాడు పోయి రెండు వందల ఏళ్ళు. ఆ పొద్దున వంటింటి గోడ మీద అతని భార్య బేయా పిండిజిగురుతో అంటించిన కాగితంలో మొట్టమొదటి పేరు ఇదే.

"చూడు, ఏమైనా తప్పు రాశానా?" అని అడిగింది బేయా, చేతులు తుడుచుకుంటూ.

పాత క్యాలెండరు వెనకవైపు, వేలెడేసి అక్షరాలతో పన్నెండు నెలలూ, నెలకో పుస్తకం. వచ్చే ఏడాదంతా పాత మహాగ్రంథాలే చదవాలని ఆమె నిర్ణయం. జనవరికి ఉప్పు వర్తకుడు. పక్కన పేజీలు, రోజుకి పదిహేడు.

"పదిహేడేంటి?"

"మొత్తం ఐదొందల ఇరవై. జనవరికి ముప్ఫై ఒక్క రోజులు. నువ్వే భాగించి చూసుకో. రంజాన్ నెలకి సన్నది పెట్టా, ఆకలి మీద లావుది పట్టుకుంటే కళ్ళు తిరుగుతాయి. ఆగస్టులో దీవికి, మా అక్క దగ్గరికి వెళ్తాం కదా, అక్కడికి సముద్రం పుస్తకం. నవంబరులో ఆలివ్‌లు ఏరాలి, అందుకని పద్యాలు. ఒక చెట్టు దులపడం అయ్యేలోపు ఒక పద్యం అయిపోతుంది."

తీజానీ కాగితాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు చూశాడు. బేయా రెండేళ్ళ కిందటిదాకా వేలిముద్ర వేసిన మనిషి. ఒక్క తప్పైనా దొరికితే బాగుండునని వెతికాడు.

"ఫిబ్రవరిలో ఒక అక్షరానికి చుక్క పెట్టలేదు," అన్నాడు చివరికి.

ఆమె కళ్ళు చిట్లించి చూసి, తలగుడ్డ చాటు నుంచి పెన్సిలు తీసి, నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుని చుక్క పెట్టింది. ఇప్పుడు తప్పేమీ లేదు. అదే అతనికి మరీ కష్టమనిపించింది.

ఆ ఇంట్లో చదవడమనేది తీజానీ సొత్తు. మందుచీటీలు, నీళ్ళ బిల్లులు, మార్సెయ్ నుంచి బావమరిది రాసే ఉత్తరాలు, అన్నీ అతనే చదివేవాడు. బేయా పని ఆపి, ఎదురుగా కూర్చుని, అతని పెదాలకేసి చూస్తూ వినేది. ఆ చూపు కోసం అతను ఉత్తరాన్ని కావాలని నెమ్మదిగా చదివేవాడు.

పెళ్ళైన కొత్తల్లో ఒక సాయంత్రం, "రోజంతా పుస్తకాల మధ్యే ఉంటావు కదా, వాటిలో ఏముంటుంది?" అని అడిగింది. ఏముంటుందో అతనికి తెలియదు. మర్నాడు ఈ ఆకుపచ్చ పుస్తకం తీసి మూడు పేజీలు చదివాడు. ఆ తర్వాత మాటలు గట్టిపడ్డాయి, పని కూడా పడింది. మిగతాది ఇంటికి నడుస్తూ తనే అల్లాడు. వర్తకుడు ఒంటెల బిడారుతో వెళ్ళిపోతాడు, దొంగల చేతిలో పడతాడు, పన్నెండేళ్ళకి తిరిగొస్తాడు. మొహం మారిపోయింది, గొంతు మారిపోయింది, సొంత తల్లి కూడా గుర్తుపట్టదు. తలుపు బయట నిలబడి ఒకసారి దగ్గుతాడు. లోపల రొట్టె కాలుస్తున్న భార్య ఆ దగ్గు విని, పిండిచేతులతోనే వచ్చి గడియ తీస్తుంది.

బేయా ఏడ్చింది. ఆ వారమంతా అతని టీ గ్లాసులో బాదంపప్పు రెండింతలు పడింది. అప్పటినుంచి ఏ పుస్తకమైనా మూడు పేజీలు రాసినవాళ్ళవి, మిగతాది తీజానీది. అతను మాత్రం అలా చెప్పలేదు. "ఎంత గొప్పవాళ్ళో!" అని ఆమె రాసినవాళ్ళని పొగుడుతుంటే తల ఊపేవాడు.

రెండేళ్ళ కిందట కింద వాటాలోకి సలూహా టీచరమ్మ వచ్చింది. బడి నుంచి రిటైరై, పెద్దవయసు ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పుతోంది. ఇక బేయా నోట ప్రతి మాటా "టీచరమ్మ ఏమందో తెలుసా" అని మొదలయ్యేది. మందుచీటీ తనే చదువుకుంది. తమ్ముడి ఉత్తరం అతను ఇంటికొచ్చేసరికే విప్పి ఉంది. "రా, చదివి వినిపిస్తా," అంది ఉత్సాహంగా. తలనొప్పిగా ఉందన్నాడు తీజానీ.

ఇప్పుడు గోడ మీద పన్నెండు పుస్తకాలు. పన్నెండూ అతను చెప్పిన కథలే. "నువ్వు చెప్పినవే ఏరి పెట్టుకున్నా, ఈసారి నా కళ్ళతో చూస్తా," అంది ఆమె. టీచరమ్మ కూడా చదువుతుందట, గురువారం గురువారం కలిసి మాట్లాడుకుంటారట.

తీజానీ ఆకుపచ్చ పుస్తకాన్ని చంకన పెట్టుకున్నాడు. గ్రంథాలయంలో పుస్తకం దాచడానికి తాళం అక్కర్లేదు, వేరే వరుసలో పెడితే చాలు. చివరి గదిలో, కాలువలు తవ్వే విధానం గురించిన సంపుటాల వెనక దాన్ని అడ్డంగా పడుకోబెట్టాడు. అక్కడికి పదేళ్ళుగా ఎవరూ రాలేదు.

తొమ్మిదింటికి గుమాస్తా ఫర్హాత్ వచ్చి బల్ల వెనక కూర్చున్నాడు. వాడికి ముప్ఫై ఐదేళ్ళు, నోరు ఊరుకోదు.

"ఏం మామా, అత్త పెద్ద పండితురాలవుతోందట కదా! మా ఆవిడ చెప్పింది. వచ్చే ఏడాది నీ కోటు ఆవిడకి తొడిగేస్తారేమో చూసుకో."

"నీ పని నువ్వు చూసుకో."

"అబ్బో, మామకి మండింది!"

మండిన మాట నిజమే. పొద్దుటి నుంచి అతనికి ఎవరిని చూసినా అదే మంట. కిటికీ పక్కన కూర్చుని పేజీలు తిప్పుతున్న కాలేజీ పిల్ల, పేపరు చదువుతున్న ముసలి దర్జీ, అందరూ తనకి చెందాల్సినదేదో తింటున్నట్టు కనిపించారు.

పన్నెండున్నరకి తలుపులు మూశారు. ఫర్హాత్ భోజనానికి ఇంటికి పోయాడు. తీజానీ చివరి గదిలో నేల మీద కూర్చుని, హరీసా కారం రాసిన రొట్టె, రెండు వేయించిన సార్డీన్ చేపలు తిన్నాడు. చేతులు కడుక్కొచ్చి, కాసేపు కాలువల సంపుటాలకేసి చూశాడు. తర్వాత చెయ్యి చాచి పుస్తకం బయటికి లాగాడు. అసలు ఇందులో ఏం రాసి చచ్చాడో తెలియాలి కదా అనుకున్నాడు.

మొదటి మూడు పేజీలూ నోటికి వచ్చు. నాలుగో పేజీలో కాలు కొత్తచోట పడింది. బిడారు బయల్దేరనేలేదు. ఒంటె కాలు విరిగింది, వర్తకుడు మంచాన పడ్డాడు, ఉప్పు తూచే పని భార్య నెత్తిన పడింది. దొంగలు లేరు, ఎడారి లేదు. ఒక ఆడది తక్కెడ ముందు కూర్చుంది, అంతే. తూకం అయ్యాక పళ్ళెంలో మిగిలిన ఉప్పుపొడిని అరచేత్తో ఊడ్చి, ఆ చెయ్యి ఎవరూ చూడకుండా చీరుకుపోయిన తన మడమకి రాసుకుని, ఆ మంటకి కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళ వెనక ఆమె ఏమనుకుందో రాసినవాడు చెప్పలేదు. చెప్పకపోయినా తీజానీకి తెలిసింది.

అతనికి ఒళ్ళు మండింది. తను ఎన్ని ఒంటెల్ని తోలాడు, ఎంతమంది దొంగల్ని దించాడు! ఈ చచ్చినవాడు ఒక చిటికెడు ఉప్పుతో తనని కూర్చోబెట్టేశాడు. బేయా చదివితే ఇక తన దగ్గు ఎక్కడ నిలుస్తుంది? పుస్తకం మూసేద్దామనుకుంటూనే పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు.

"మామా! ఓ మామా! తలుపు తియ్యవా? జనం బయట నిలబడి ఉన్నారు!"

రెండున్నర దాటి పావుగంటైంది. తీజానీ పుస్తకాన్ని కోటు కిందికి తోసి, పరుగున వెళ్ళి తలుపు తీశాడు. ఫర్హాత్ వెనక కాలేజీ పిల్ల, ఆ వెనక బేయా. గోధుమరంగు కోటు, పువ్వుల తలగుడ్డ. అతను పనిలో ఉండగా ఆమె ఇక్కడికి రావడం అదే మొదటిసారి.

ఆమె అతనికేసి చూడకుండా తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి, అరచేతిలో మడిచిన చీటీ విప్పి పుస్తకం నంబరు చదివింది.

"మామా, అత్తకి ఈ పుస్తకం తెచ్చిపెట్టు," అన్నాడు ఫర్హాత్ నవ్వాపుకుంటూ.

తీజానీ మూడో వరుస దాకా నడిచి, ఖాళీ చేతులతో వెనక్కి వచ్చాడు. "కనిపించట్లేదు. ఎవరో తప్పుగా సర్దినట్టున్నారు."

"సర్దేది నువ్వే కదా," అంది బేయా. "ఆ కోటు కింద ఏంటది?"

ఫర్హాత్ ఒక్కసారిగా కాగితాలు వెతుక్కోవడంలో పడ్డాడు. తీజానీ పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని కిటికీ పక్క బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఇవాళ క్లాసులో అందరికీ ఈ కథ చెప్పా. దగ్గు దాకా చెప్పా. అందరూ ఏడ్చారు. వాళ్ళు వెళ్ళాక టీచరమ్మ నన్ను ఆపి, 'బేయా, ఆ పుస్తకం నేను మూడుసార్లు చదివాను. అందులో దగ్గు లేదమ్మా' అంది. మా ఆయన అబద్ధం చెప్పడు, మీరే సరిగ్గా చదవలేదన్నా. అంత మాట అన్నా ఆవిడని. ఇప్పుడు చూపించు. ఎన్నో పేజీ?"

"లేదు."

"వేరే పుస్తకంలో ఉందా?"

"ఎందులోనూ లేదు. నేనే పెట్టా."

"మిగతావి?"

"అవీ అంతే. మూడేసి పేజీలు వాళ్ళవి."

బేయా కుర్చీలో కూర్చుంది. అట్ట మీది అక్షరాలని వేలితో దిద్దింది.

"ఆ దగ్గుకి నేను మూడు రోజులు ఏడ్చా. ఎవరో మహానుభావుడనుకున్నా. తీరా చూస్తే నా మొగుడు! అప్పుడే చెప్పి ఉండొచ్చు కదయ్యా."

"చెప్తే వినేదానివా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "వినేదాన్ని కాదేమో," అంది.

ఆ మాట అతనికి సూదిలా దిగింది. ఆమె అప్పటికే పుస్తకం తెరిచి, వేలు వరుస కింద పెట్టి, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. తీజానీ తిరిగొచ్చిన పుస్తకాలు సర్దుతున్నట్టు ఆ చుట్టుపక్కలే తిరిగాడు. వంగిన ఆ తల, కదిలే ఆ పెదాలు, అన్నీ ఇప్పుడు ఆ చచ్చినవాడివే. ఒకచోట ఆమె ఫక్కున నవ్వింది. ముప్ఫై ఏళ్ళలో తను ఆమెని ఎన్నోసార్లు ఏడిపించాడు, ఇలా ఒక్కసారీ నవ్వించలేదు.

"ఏముంది అక్కడ?"

"మాట్లాడకు. చదివితే తెలుస్తుంది."

"నేను చదివేశా. అరవై రెండో పేజీలో ఉన్నా."

బేయా తలెత్తింది. "నాకంటే ముందా?"

"ముందే."

"అరవై రెండులో ఏముందో చెప్పు. అల్లకుండా చెప్పు."

చెప్పాడు. మంచాన ఉన్న వర్తకుడు గోడకి చెవి ఆనించి పక్కగదిలో తక్కెడ చప్పుడు వింటూ, తను ఉన్నప్పటికంటే ఇప్పుడే బేరాలు ఎక్కువయ్యాయని లెక్కపెట్టుకుని, అన్నం మానేశాడని చెప్పాడు. ఆమె పేజీలు తిప్పి, అరవై రెండు దగ్గర ఆగి, వేలితో వరుస వరుసా సరిచూసింది. చూశాక అతని మొహంలోకి చూసింది. ఉత్తరాలు చదివే రోజుల్లో చూసినట్టు చాలాసేపు చూసింది.

"సరే. రోజుకి పదిహేడు," అంది. "నీకు కూడా. రేపు టీచరమ్మ దగ్గరికొచ్చి నువ్వే తప్పు ఒప్పుకోవాలి."

ఒప్పుకున్నాడు. టీచరమ్మ మందలించలేదు, ఆ దగ్గు తనకీ నచ్చిందంది. ఆవిడ మెచ్చుకోవడం కూడా తీజానీకి గిట్టలేదు.

ఇద్దరికీ కలిపి ఒకటే ప్రతి. పొద్దున బేయా చదివేది. పనికి వెళ్తూ అతను పట్టుకుపోయి మధ్యాహ్నం చివరి గదిలో చదివేవాడు. ఆమె గుర్తు నీలంరంగు ఊలుదారం, అతనిది మడిచిన బస్సు టికెట్టు. ఆ దారం ఎక్కడుందో చూసి, దానికంటే ముందుకి వెళ్ళేదాకా అతనికి ముద్ద దిగేది కాదు. "నిజం చెప్పు, చదివావా, దాటేశావా?" అని ఆమె పరీక్షలు పెట్టేది. జనవరి పుస్తకం అతను ఆమెకంటే రెండు రోజుల ముందు ముగించాడు. ఫిబ్రవరిది ఒక రోజు ముందు.

మార్చి రెండో వారంలో ఒకరోజు ఫర్హాత్ భోజనం నుంచి తిరిగొచ్చి తలుపు తట్టాడు, పిలిచాడు, చివరికి తన తాళంచెవితో తీసుకుని లోపలికి వెళ్ళాడు. తీజానీ అరకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం గుండెకి ఆని ఉంది. ఆ నెల పుస్తకం ఒళ్ళో మూసి ఉంది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

నలభై రోజుల దాకా బేయా ఆ పుస్తకం ముట్టుకోలేదు. ఆ తర్వాత ఒక పొద్దున కిటికీ దగ్గర కూర్చుని తెరిచింది. నీలం దారం ఎనభై ఎనిమిదో పేజీలో ఉంది. అతని గుర్తు నూట ముప్ఫై ఒకటిలో. నలభై మూడు పేజీలు. తను చూడనివి అతను చూసి వెళ్ళిపోయాడన్న సంగతి ఆమెని ఏడుపు కంటే ముందు పట్టుకుంది. రోజుకి పదిహేడు చొప్పున చదివింది. మూడో రోజు నూట ముప్ఫై ఒకటికి వచ్చింది. ఆ పేజీ రెండుసార్లు చదివి, తిప్పింది.

పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఫర్హాత్ అలవాటుగా పేజీలు దులపబోయాడు. "అది తియ్యకురా నాయనా," అంది బేయా. నూట ముప్ఫై ఒకటో పేజీలో, పొడవునా రెండుగా మడిచిన బస్సు టికెట్టు, కండక్టరు పొడిచిన చిల్లు పైకి కనిపించేలా, అలాగే ఉంది.