మూడో రోజు సంగతి

ఆర్మూరు బస్టాండు పక్కన జిరాక్స్ షాపులో పనిచేసే లిదియాకు శాంభవి నవలలంటే ప్రాణం. శాంభవి రాసేవన్నీ ఇంకో పది పదిహేనేళ్లలో రాబోయే చెడ్డరోజుల కథలు. ఒకదాంట్లో తాగే నీళ్లు కార్డు మీద కొలిచి పోస్తారు. ఇంకోదాంట్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో సెల్‌ఫోనే సర్కారుకు చెప్పేస్తుంది.

"గసోంటి భయం పుస్తకాలు సదివితే నిద్రెట్ల పడ్తదే నీకు?" అని భర్త సుకుమార్ నవ్వేవాడు. లిదియాకు మాత్రం అవి చదివాకే మనసు కుదుటపడేది. తనకు లోలోపల ఉన్న దిగులు ఇంకొకరికీ ఉందని ధైర్యంగా ఉండేది.

2007లో, పసుపు ఉడకబెట్టే రోజుల్లో, ఒక పెద్దావిడ షాపుకొచ్చి చేతిరాత కాగితాలు కౌంటరు మీద పెట్టింది. పుస్తకం అట్ట వెనక చూసిన ముఖమే. జుట్టు మాత్రం తెల్లబడింది.

"మీరు శాంభవి మేడం కదా?"

ఆవిడ తలూపింది. కొత్త నవల కోసం ఆలూరు వైపు పసుపు చేలు చూసొస్తున్నానంది. లిదియా స్టూలు తుడిచి వేసి, చాయ్ తెప్పించింది. ఏళ్ల నుంచి మనసులో ఉన్నదొకటి అడగకుండా ఉండలేకపోయింది.

"మీ నవలలల్ల నీళ్లు అయిపోంగనే అందరు తలుపులు పెట్టుకుంటరు మేడం. మా దగ్గర గట్ల కాలే. కరువు ఏడాది మా గల్లీల నీలవ్వ బోరు ఒక్కటే నీళ్లు పోసింది. ఆమె గేటు తీసి పెట్టింది. అందరం బిందెలు పట్టుకొని లైన్ల నిలవడ్డం."

"గొడవలేం కాలేదా?"

"ఏం కాలే" అంది లిదియా, చూపు మిషను మీదికి తిప్పుకుని.

శాంభవి ఆమె ముఖం వైపు ఒకసారి చూసింది. చాయ్ బాగుందని చెప్పి, షాపు అడ్రసు రాసుకుని వెళ్లింది.

మరుసటి ఏడాది నవల పోస్టులో వచ్చింది, సంతకంతో సహా. అందులో ఒక ముసలామె తన బోరు దగ్గరికి అందరినీ రానిస్తుంది. మూడో రోజు లైనులో కొట్లాట. ఎవరో ముసలామెను తోసేస్తారు. ఆమె లేచి గేటుకు తాళం వేస్తుంది.

లిదియాకు ఒళ్లు మండింది. మంచి మాట చెబితే ఇలా రాస్తుందా అని పుస్తకం మూసి బీరువా మీద పడేసింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక సుకుమార్ ముందు కూర్చుంది.

"మేడంకు అబద్ధం చెప్పిన. గా కరువుల మూడో రోజు లైన్ల నీలవ్వను నూకిండ్రు కదా. నూకినోళ్లల్ల నేను గూడ ఉన్న."

"నాకెర్కే" అన్నాడు సుకుమార్ మెల్లగా. "నీలవ్వకు గూడ ఎర్కే."

ఆ మధ్యాహ్నమే లిదియా పుస్తకం తీసుకుని నీలవ్వ ఇంటికి పోయింది. నీలవ్వకు చదువు రాదు. అరుగు మీద కూర్చోబెట్టి, ఆ భాగమంతా చదివి వినిపించింది.

"నన్ను మాఫ్ చెయ్యి అవ్వా."

నీలవ్వ పుస్తకం అట్టను చేత్తో తడిమింది.

"నేను తాళం ఎయ్యలే బిడ్డా. గని ఎయ్యాలని మస్తు అనిపించింది. ఎవ్వలకు చెప్పలే. గామెకెట్ల తెల్సె?"

"గందుకే ఆమె పుస్తకాలంటే నాకు పానం" అంది లిదియా, కళ్లు తుడుచుకుంటూ.

నీలవ్వ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. "తాళమేసినంక ఏం జేసింది గా ముసల్ది? సదువు."