బావ తగ్గిన వైనం

మా రేడియో స్టేషన్లో ‘నలుగురి మాట’ అనే కార్యక్రమం వస్తుంది. ఆరోగ్యానికి ఒక డాక్టరుగారు, కుటుంబాలకి ఒక సలహాల మేడమ్, డబ్బుకి ఒక ఆర్థిక నిపుణుడు, ఊరి మంచికి ఒక సంక్షేమ నిపుణుడు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఎవరు ఏమడిగినా నలుగురూ జవాబు చెప్పి తీరాలని మా డైరెక్టరు పెట్టిన నియమం. పిప్పిపన్ను గురించి అడిగినా ఆర్థిక నిపుణుడు తన వంతు మాట్లాడాల్సిందే. అద్దానికి ఇవతల కూర్చుని వాళ్ల మైకులు తెరిచేదీ మూసేదీ నేను. నన్నెవరూ ఏమీ అడగరు కాబట్టి నా దగ్గర బోలెడన్ని జవాబులు పేరుకుపోయాయి.

ఆ రోజుల్లోనే మా అక్క పెట్టె సర్దుకుని నా గదికి వచ్చేసింది. బావ దర్జీ. అక్క అడగ్గా అడగ్గా, ఊరందరి బట్టలూ అయ్యాక, ఆమెకో కోటు కుట్టాడు. అది భుజాల దగ్గరే పట్టేసింది. కొట్టు నిండా జనం ఉన్నారు. వాళ్లందరి ముందూ బావ, “నా కొలత తప్పదు. నువ్వే పెరిగావు” అన్నాడు. అక్క ఆ కోటు మిషను మీద పడేసి బయటికి నడిచింది.

“తప్పు నాదని ఆయన్ని ఒక్కసారి అనమను, వెళ్తాను” అంది నాతో. “ఆయన తగ్గాలి. లేదంటే నాకిక ఆ ఇల్లు లేదు.”

అక్క ఉత్తుత్తినే బెదిరించే మనిషి కాదు. అప్పటికే అద్దె గదులు వెతుకుతోంది. నాకు గుబులు పట్టుకుంది. వాళ్లిద్దరూ నిజంగా విడిపోతే, నేను ఎవరింటికి వెళ్లి ఎవరి మీద చాడీలు చెప్పుకోవాలి? బావకి ఫోన్ చేశాను.

“బావా, అక్క నిన్ను తగ్గమంటోంది. అంతే. తగ్గితే వచ్చేస్తుంది.”

“ఎక్కడ తగ్గాలి?” అన్నాడు బావ. “నడుము దగ్గరా, పొడుగులోనా?”

దర్జీ బుర్ర! ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను.

ఆ వారం ‘నలుగురి మాట’కి వచ్చిన ఫోన్లలో ఒకటి తీయగానే వెనక మిషను చప్పుడు వినబడింది. పేరు చెప్పలేదు గానీ ఆ గొంతు నాకు తెలియకపోవడమేమిటి?

“నమస్కారమండీ. మా ఆవిడ నన్ను తగ్గమంటోంది. ఎక్కడ తగ్గాలో తెలీడం లేదు. నలుగురూ పెద్దవాళ్లు, మీరే చెప్పాలి.”

“బరువెంత?” అన్నారు డాక్టరుగారు. బావ చెప్పాడు. “అమ్మో! ఆవిడ మీ ప్రాణం గురించి భయపడుతోందయ్యా. రాత్రి తిండి మానెయ్యండి. నడవండి.”

“నా ఉద్దేశంలో ఆవిడ వ్యాపారం తెలిసిన మనిషి” అన్నాడు ఆర్థిక నిపుణుడు. “ధరలు తగ్గించండి. జనం వాళ్లే వస్తారు.”

“ఆ టకటక ఏమిటండీ?” అన్నాడు సంక్షేమ నిపుణుడు. “వీధిలో పిల్లలు చదువుకోవద్దా? మిషను జోరు తగ్గించండి. మీ గొంతు కూడా.”

చివరికి మేడమ్ వంతు వచ్చింది. “చూడు బాబూ, భార్య తగ్గమందంటే దానికి ఒకటే అర్థం. నువ్వు వెళ్లి ఆవిడతో...” అంటూండగానే వార్తల టైమైంది. కంప్యూటరు దానంతటదే గొంతు నొక్కేసింది. బావకి దక్కిన నాలుగో సలహా, రేపు చిరుజల్లులు పడవచ్చునని.

మా బావకి పెద్దవాళ్ల మాటంటే గురి. చెప్పినవన్నీ పొల్లుపోకుండా చేశాడు. గొడుగు కూడా కొన్నాడు. రాత్రి తిండి మానేసి వీధుల్లో తిరగడం మొదలుపెట్టాడు. ధరలు సగం చేసేసరికి పక్క పేటల జనం కూడా కొట్టు మీద పడ్డారు. ఇటు చూస్తే మిషను నత్తనడక. ప్యాంటు ఇచ్చినవాళ్లు లుంగీలతో బల్ల మీద కూర్చుని ఎదురుచూసేవాళ్లు. ఎప్పుడిస్తావని అరిస్తే, బావ గుసగుసగా ఏదో చెప్పేవాడు. ఆ జవాబు వినడానికి ఆయన మూతి దగ్గర చెవి పెట్టాలి. చెవి పెట్టిన పెద్దాయన ఒకడు, ఏదో రహస్యం విన్నవాడిలా తలాడించి, ఇంకో చొక్కా గుడ్డ కూడా ఇచ్చి పోయాడట.

అక్క రోజూ కబుర్లు తెప్పించుకుంటూనే ఉంది.

“తగ్గమంటే ఆవిరైపోతున్నాడేమిటే ఈయన?” అంది. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం ఆమెది. “అంత కష్టమా ఆ ఒక్క మాట?”

ఈలోగా నిపుణులకి ఈ సంగతి తెలిసి సంబరపడిపోయారు. తమ సలహాలన్నీ ఒకేసారి పాటించిన మొదటి మనిషట! స్టూడియోకి రమ్మని పిలిచారు. ఆ రోజు అక్క కూడా నాతో బయల్దేరింది. “ఎంత తగ్గాడో నేనూ చూస్తాను” అని అద్దానికి ఇవతల నా పక్కన కూర్చుంది.

బావ లోపలికి వచ్చాడు. మెళ్లో టేపు, ఒంటి మీద రెండు వైపులా లోపలికి మడిచి కుట్టుకున్న చొక్కా. అక్క అద్దం మీద చెయ్యి పెట్టింది.

“ఇది వైద్యం గొప్పతనం” అన్నారు డాక్టరుగారు. “కొట్టు ముందు వరస చూశారా?” అన్నాడు ఆర్థిక నిపుణుడు. “వీధంతా ప్రశాంతం” అన్నాడు సంక్షేమ నిపుణుడు.

“ఇంతకీ ఆవిడ వచ్చిందా?” అన్నారు మేడమ్.

“లేదండీ” అన్నాడు బావ గుసగుసగా. నేను ఆయన మైకు పూర్తిగా తెరిచాను. “ఇంకా తగ్గాలేమోనండీ.”

“ఇంకా తగ్గితే మనిషి మిగలడయ్యా!” అన్నారు మేడమ్.

అక్క లేచింది. ప్రసారం నడుస్తోందని తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతున్నా లెక్కచేయకుండా లోపలికి వెళ్లిపోయింది. నేనూ ఆపలేదు.

“ఏమండీ, ఒక్కటడుగుతాను. ఆ కోటుకి నా ఒంటి మీద టేపు పెట్టారా?”

బావ తెల్లబోయాడు. “నీ కొలతలు నాకు నోటికొచ్చు కదా.”

“ఎప్పటివి?”

“పెళ్లప్పటివి.”

నలుగురు నిపుణులూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. బావ టేపు కొస పట్టుకుని నలిపాడు. “కొలత తియ్యలేదు. నీవైపు చూడకుండానే కత్తిరించేశాను. తప్పు నాదే” అన్నాడు, మామూలు గొంతుతో.

“తగ్గడమంటే అదీ!” అని మేడమ్ బల్ల చరిచారు. దాంతో మిగతా ముగ్గురూ అది తమ సలహా ఫలితమేనని ఎగబడ్డారు. ఆకలితోనే అహం పోతుందని డాక్టరుగారు, నష్టంతోనని ఆర్థిక నిపుణుడు. ఆ గోలలో అక్క చేతులు రెండూ చాచి నిలబడింది.

“ఇప్పుడు తియ్యండి.”

బావ టేపు పెట్టాడు. ఎడమ భుజం కొలిచాడు. కుడి భుజం దగ్గర ఆగిపోయాడు. మళ్లీ ఎడమకి వెళ్లాడు, మళ్లీ కుడికి వచ్చాడు.

“ఇదేమిటి, కుడి భుజం కిందికి దిగిపోయింది?”

“మీరు కుట్టిన బట్టల మూటలు ఇంటింటికీ ఇచ్చి వచ్చేదెవరు?”

బావ టేపు వదిలేసి ఆ భుజం మీద అరచెయ్యి ఆనించాడు. “నొప్పిగా ఉంటుందా?” అన్నాడు.

డాక్టరుగారు నోరు తెరిచారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నిపుణుల మైకులు నాలుగూ ఒక్క దెబ్బతో మూసేశాను. ఇన్నాళ్లూ నా గదిలో, నా పక్కనే, కుడివైపు తిరగకుండా పడుకుంది అక్క. ఎందుకని నేనూ అడగలేదు.

“ఉంటుంది” అంది అక్క.