నిలువునా ఎండిన పాలమాను

ఉదయం ఆరున్నర. ఆకాశంలో మబ్బు తునక లేదు. వారాల తరబడి వీస్తున్న పొడిగాలి ఆ పూట కూడా ఏటి మీదుగా రివ్వున కొడుతోంది. పడవల మేస్త్రి నేలకూలిన పాలమాను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రంపం కోసిన ముఖాన్ని అరచేత్తో తుడిచింది. పొట్టు రాలగానే నడిమి నుంచి అంచుదాకా పాకిన పగుళ్ళు కనిపించాయి. ఒకదానిలోకి ఆమె గోరు పూర్తిగా దిగింది.

“చీలిందా అక్కా?” వెనక నిలబడిన తమ్ముడు అడిగాడు.

ఆమె సుత్తితో మాను మీద తట్టింది. ఖంగుమనవలసిన కలప డొల్లగా పలికింది.

ఆ మానుకు రెండు గుణాలు. బెరడుకు గంటు పెడితే చిక్కటి పాలు కారతాయి. మరిగించి గడ్డకట్టిస్తే యంత్రాల బెల్టులకు పనికొస్తాయి. కలప నీళ్ళలో మునిగేటంత బరువు. పురుగు ముట్టదు, ముందుగా తొలవనిదే మేకు దిగదు. ఒక తల్లి బిడ్డలు ఆ రెండు గుణాలనూ చెరొకటి పంచుకున్నారు. తండ్రి పడవల కొట్టం కూతురికి దక్కింది. కొడుకు కత్తీ బొక్కెనా పట్టుకుని అడవిదారి పట్టాడు. అతను కలప ఊసు ఎత్తడు, ఆమె పాల ఊసు ఎత్తదు. ఇన్నేళ్ళు ఇద్దరికీ పొట్లాట రాకపోవడానికి అదే కారణం. ఇప్పటి అనర్థానికీ అదే కారణం.

రేవు దాటించే పెద్ద పడవకు వెన్నుదూలం కుళ్ళింది. పడవ అడుగున ఈ కొస నుంచి ఆ కొసదాకా సాగే ఒంటికొయ్య అది. వరదలలోగా మార్చకపోతే ఇనుప పడవ తెప్పించుకుంటానని దాన్ని నడిపే సరంగు ముందే చెప్పాడు. ఒకటి వస్తే దాని వెంట మిగిలినవీ వస్తాయని, కొట్టం మూతపడుతుందని మేస్త్రికి తెలుసు. అంత పొడవున వంకర లేని పాలమాను చుట్టుపక్కల ఒక్కటే మిగిలింది. దాని పాలహక్కు తమ్ముడిది. ఈ చలికాలం పాలు తీసుకోనిస్తే తరువాత నరుక్కోమన్నాడు. ఆమె సరేనంది.

“ఎప్పుడూ సగం చుట్టే గంట్లు పెడతావు కదరా, మిగతా సగం చెట్టు బతకడానికి వదిలేసి. ఈసారి చుట్టూ ఎందుకు కోశావు?”

“నీకోసమే. కలప ఆరడానికి ఏడాది పడుతుందని నువ్వు తల పట్టుకోలేదూ? టేకుకు చుట్టూ బెరడు కొడితే నిలువునా ఎండుతుందని కలప డిపోలో అన్నారు. నీకు ఏడాది కలిసొస్తుందనుకున్నా.”

“నేను తల పట్టుకున్నది పడవ పక్కలకు కొట్టే పలకల గురించి. వెన్నుదూలం పచ్చిగానే వేస్తాం. పొద్దస్తమానం నీళ్ళలో ఉండేదానికి ఎండటంతో పనేంటి?”

తమ్ముడి ముఖం పాలిపోయింది. “ఆ మాట నాకెప్పుడైనా చెప్పావా?”

“నువ్వు అడిగావా?”

“టేకు ఎండితే పగలదు కదా మరి.”

“టేకు మర్యాదస్తురాలు. ఇది ఎండితే ముడుచుకుని తన్నుకు చస్తుంది. నువ్వేమో గాలికి నిలబెట్టి వేపుడు చేశావు.”

కీడు తలపెట్టినవాణ్ణి కడిగిపారేయవచ్చు. మేలు చేయబోయినవాణ్ణి తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు, ఊరుకోవడానికి మనసొప్పలేదు. సుత్తిని మాత్రం నేలకేసి కొట్టింది.

ఇంతలో సరంగు వచ్చాడు. మాను చుట్టూ తిరిగి, వంగి పగుళ్ళు చూశాడు.

“కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట. ఇప్పుడేం చేద్దాం మేస్త్రమ్మా?”

“రెండు ముక్కలు అతికి వేస్తాను బాబాయ్. ఇనుప పట్టీలు బిగిస్తాను.”

“మీ నాన్న వేసేవాడా?”

ఆమె పగులులో ఇరుక్కున్న పొట్టును గోటితో గీకింది.

“అతుకుల వెన్ను మీద జనాన్ని ఎక్కించి వరదలోకి తోలమంటావా? నీ మీద కోపం లేదమ్మా. నాకు ఈతొచ్చు, వాళ్ళకు రాదు.” అతను తలగుడ్డ దులుపుకుని రేవువైపు వెళ్ళిపోయాడు.

“తిట్టరాదూ అక్కా. ఇలా మూగనోము పట్టకు.”

“ఆ కొస పట్టుకో,” అంటూ ఆమె రంపం అందించింది.

పగులు ఎక్కడైనా ఆగుతుందేమోనని ఒక మూర లోపలికి కోశారు. ఆగలేదు. మరో మూర కోశారు. సన్నబడింది కాని పోలేదు. ఆ కలప రంపం పళ్ళను తినేస్తుంటే ఆగి ఆకురాయితో పదును పెట్టుకుని మళ్ళీ కోశారు. మధ్యాహ్నానికి పగులు లేని చోటు దొరికింది. అప్పటికి మిగిలిన మాను పడవలో సగానికి కూడా చాలదు. మేస్త్రి కొలకర్రను రెండుసార్లు వేసి చూసింది. రెండుసార్లూ అంతే వచ్చింది.

వరదలకు ముందే ఇనుప పడవ దిగింది. ఆరేళ్ళు గడిచేసరికి ఆ రేవులో కొయ్యపడవ ఒక్కటీ లేదు. కొట్టంలో అక్కా తమ్ముడూ కలిసి ఇనుప పడవల తుప్పు గీకి రంగులు వేసేవారు.