పొయ్యిలో పడేసిన పెట్టె

బావోషెంగ్ సిగరెట్లు మానేశాక అతని భార్య లియెన్‌జీ వీధిలో తల ఎగరేసుకుని తిరిగింది. పెళ్ళయిన నాటి నుంచీ నెత్తీ నోరూ కొట్టుకున్నా వినని మనిషి, చలికాలంలో ఒక పొద్దున సిగరెట్టు పెట్టె తెచ్చి పొయ్యిలో పడేశాడు. ఇన్నేళ్ళకు తన మాట నెగ్గిందని ఆమె కనపడిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

దగ్గు ఆ తర్వాతే ఎక్కువైంది. మానిన కొత్తలో కొన్ని వారాలు దగ్గు రావటం, ఛాతీ పట్టేసినట్టుండటం మామూలేననీ, తగ్గకపోతే మాత్రం ఎక్స్‌రే తీయించాలనీ ఊరి డాక్టరు చెప్పాడు. ఆమె మొదటి సగమే చెవికెక్కించుకుంది. బేరిపండు తొలిచి, పటికబెల్లం పెట్టి, ఆవిరి మీద ఉడికించి రోజూ తినిపించేది. లోపలి మసి ఊడొస్తోందని మురిసిపోయేది. చలి పోయింది, ఏట్లో నీరు పెరిగింది, ఆ మసి మాత్రం తరగలేదు.

వీధిలో మాట మారింది. మజాంగ్ పలకలాట ఆడే బల్ల దగ్గర ముసలి గెంగ్ ముఖం మీదే అనేశాడు. "అలవాటు పడ్డ ఒంటిని కదపకూడదమ్మా. మీ బావని చూశావుగా, మానిన ఏడాదికే పోయాడు. ఇప్పుడు వీణ్ణి నీ చేతులారా పంపేస్తున్నావు."

మొగుడి అన్న, ఆమెకు బావ అయిన బావోగెన్ కిందటేడు కొత్త సంవత్సరం విందులో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గాడు. ఆసుపత్రికి పోదామంటే, పండగ వెళ్ళనీ అన్నాడు. ఆ వేసవి చూడలేదు.

గెంగ్ మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. పక్కనే ఆ దగ్గు వింటూ, మొగుణ్ణి తనే చంపుకుంటోందా అని వణికిపోయింది. సమాధులు శుభ్రం చేసే ఛింగ్‌మింగ్ పండగనాడు సంచీలో రెండు సిగరెట్టు పెట్టెలు వేసుకుంది. ఒకటి బావకి, ఇంకోటి మొగుడికి.

అన్న సమాధి ఉన్న కొండ ఎక్కుతూ బావోషెంగ్ అడుగడుక్కీ ఆగాడు. ఇద్దరూ గడ్డి పీకారు, పోయినవాళ్ళకి చేరుతుందని కాగితపు డబ్బు కాల్చారు, పంది మాంసం, పచ్చ పిండి ఉండలు పెట్టారు. అన్నకి సిగరెట్టు ముట్టించి మట్టిలో గుచ్చటం అతని పని. నోట పెట్టుకుని ఒక దమ్ము లాగితేగాని అది అంటుకోదు. ఈసారి అతను దాన్ని ఆమె చేతికిచ్చాడు.

ఆమె రెండో పెట్టె తీసింది. "నువ్వే ముట్టించు ముసలోడా. ఈ పెట్టె నీకే. నీచేత మానిపించి తప్పు చేశాను. మళ్ళీ మొదలెట్టు, దగ్గు తగ్గిపోద్ది."

అతను ఆ పెట్టె అందుకోలేదు.

"నువ్వేం మానిపించలేదే," అన్నాడు. "ఆ పొద్దున దగ్గితే రక్తం పడింది. భయమేసి పొయ్యిలో పడేశా. నువ్వేమో నీ మాట విన్నానని ఊరంతా సంబరంగా చెప్పుకున్నావు. ఇంకేం చెప్పేది? అన్న కూడా అందుకే మానాడు. నాకొక్కడికే చెప్పాడు."

లియెన్‌జీ బేరిపళ్ళు ఉడికించిన అన్నాళ్ళూ అతను రక్తం పడ్డ గుడ్డలు తనే ఉతుక్కుని దాచుకున్నాడు. ఆమె ఇటునుంచి ఇటే బస్సెక్కి పట్నం ఆసుపత్రికి పోదామంది.

అతను అన్న సమాధి వైపు తిరిగాడు. "పండగ వెళ్ళనీ," అన్నాడు.

ఆమె మాంసం సర్దలేదు, సిగరెట్టు ముట్టించలేదు. అతని రెక్క పట్టుకుని కొండ దిగటం మొదలుపెట్టింది. సగం దూరం రాకుండానే అతను ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు.